డంపర్లు కరెంటుకు మారితే గని నిజంగా శుభ్రపడినట్లేనా?

ప్రశ్న: ఖని బిడ్డ, గచ్చిబౌలి

అందరికీ నమస్కారం. మా నాన్న రామగుండం ప్రాంతంలో ఒక ఓపెన్ కాస్ట్ గనిలో ఇరవై తొమ్మిదేళ్లు డంపర్ నడిపి నాలుగేళ్ల కిందట రిటైరయ్యారు. నేను గోదావరిఖనిలో క్వార్టర్లలో పెరిగాను. నాన్న షిఫ్టు దిగి వచ్చి విప్పిన చొక్కాను అమ్మ మిగతా బట్టల్లో కలవనిచ్చేది కాదు. ఎంత ఉతికినా కాలరు దగ్గర డీజిల్ వాసన పోయేది కాదు కాబట్టి దాన్ని వేరే బకెట్లో నానబెట్టేది. ఇప్పుడు నేను హైదరాబాదులో ఒక సలహా సంస్థలో పనిచేస్తున్నాను. నా ముందున్న పని కూడా సరిగ్గా ఆ డీజిల్ గురించే.

వేరే రాష్ట్రంలో ఉన్న ఒక లోహ ఖనిజపు గనికి మేము కర్బన ఉద్గారాల తగ్గింపు ప్రణాళిక రాస్తున్నాము. ఆ గనిలో వంద టన్నుల తరగతి డంపర్లు నలభై దాకా ఉన్నాయి. పదేళ్లలో వాటన్నిటినీ బ్యాటరీ డంపర్లుగా మార్చాలన్నది యాజమాన్యం ఆలోచన. యంత్రాలు అమ్మే సంస్థ ఇచ్చిన పత్రంలో ప్రతి బ్యాటరీ డంపరు ఎదుట, ఉద్గారాల గడిలో సున్నా వేసి ఉంది. ఆ సున్నా దగ్గరే నేను ఆగిపోయాను. గనికి వచ్చే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గును కాల్చి తయారుచేసినదే అయినప్పుడు, పొగ గనిలో రాకుండా ఎక్కడో థర్మల్ కేంద్రంలో వస్తే దాన్ని సున్నా అని ఎలా రాయగలను?

రెండో అనుమానం కాంట్రాక్టర్ల విషయంలో వచ్చింది. ఖనిజం మీద ఉన్న రాయినీ మట్టినీ తీసే పనంతా బయటి కాంట్రాక్టరుకు ఇచ్చారు. వాళ్ల టిప్పర్లు తాగే డీజిల్ గని లెక్కలో ఎక్కడా కనిపించడం లేదు. అడిగితే, అది మా ఇంధనం కాదన్నారు.

ఈ రంగం సంగతి స్థూలంగా నాకు తెలుసు. గనుల తవ్వకం నుంచి వెలువడే ఉద్గారాలు ప్రపంచ మొత్తంలో 4 నుంచి 7 శాతం వరకు ఉంటాయనీ, అందులో పెద్ద వాటా బొగ్గు గనుల నుంచి తప్పించుకుపోయే మీథేన్‌దేననీ చదివాను. ఇంకోవైపు, మామూలు కారుతో పోలిస్తే విద్యుత్ కారుకు ఆరు రెట్ల ఖనిజాలు కావాలని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2021లో చెప్పింది. అంటే ఇంధన పరివర్తన కోసమే మనం ఇంకా లోతుకు, ఇంకా ఎక్కువగా తవ్వబోతున్నాము. ఆ తవ్వకమే డీజిల్ మీద సాగితే ఇటు తగ్గించింది అటు పెంచుకున్నట్లవుతుంది.

కాబట్టి నా ప్రశ్న ఇది: డీజిల్ డంపరును కరెంటు డంపరుగా మార్చడం వల్ల మన దేశపు గ్రిడ్ మీద నిజంగా ఎంత తగ్గుతుంది, దానికంటే ముందు చేయవలసినవి ఏమైనా ఉన్నాయా? నిన్న రాత్రి ఫోనులో నాన్నకు ఇదంతా వివరిస్తే ఆయన ఒకటే మాట అన్నారు: "బొగ్గును ఎంత సాపుగ తవ్వినా కాలేది బొగ్గే గదా బిడ్డా?" నా నివేదిక బొగ్గు గురించి కాదు గానీ, ఆ మాటకు కూడా ఎవరైనా సమాధానం చెబితే ఆయనకు చదివి వినిపిస్తాను.

జవాబు: విశ్రాంత మైనింగ్ ఇంజనీరు, నాగోల్

అమ్మా, ఆ సున్నాను చూసి ఆగిపోయావంటే నీకు పని తెలుసన్నమాట. నేను ఓపెన్ కాస్ట్ గనుల్లోనే ఉద్యోగం చేశాను. కాగితం మీద లెక్క వేసి చూపిస్తాను, తర్వాత నీ గని అంకెలను ఇందులో పెట్టుకోవచ్చు.

వంద టన్నుల డంపరు ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 70 టన్నులు తూగుతుంది. నిండితే 170 టన్నులు. ఆ బరువును 100 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి, రోడ్డు రాపిడి సంగతి పక్కన పెడితే, చక్రాల దగ్గర కావలసిన శక్తి సుమారు 46 యూనిట్లు. లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల వేడి ఉంటుంది. ఇంజనులోనూ, శక్తిని చక్రానికి చేరవేసే యంత్రాంగంలోనూ పోయినవి పోగా మనకు దక్కేది మూడో వంతు. కాబట్టి ఆ ఒక్క ఎక్కుడుకే 14 లీటర్లు ఖర్చవుతాయి. లీటరుకు 2.68 కిలోల చొప్పున సుమారు 37 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది.

ఇప్పుడు అదే ఎక్కుడు కరెంటుతో చూద్దాం. మోటార్లు, తీగలు, బ్యాటరీ నష్టాలు కలుపుకుంటే గ్రిడ్ నుంచి తీసుకోవలసింది 54 యూనిట్లకు తగ్గదు. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున 0.7 కిలోలకు కొంచెం పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. హెచ్చవేస్తే 39 కిలోలు వస్తుంది. డీజిల్‌తో ఎంతో దీనితోనూ దాదాపు అంతే. మీకు ఇచ్చిన పత్రంలోని సున్నా స్థానంలో రాయవలసిన అంకె ఇది.

అయితే కరెంటు డంపరుకు రెండు మేళ్లున్నాయి, వాటిని కూడా న్యాయంగా లెక్కలోకి తీసుకోవాలి. ఖాళీ బండి కిందికి దిగేటప్పుడు డీజిల్ డంపరులో ఆ శక్తి అంతా బ్రేకుల్లో, రిటార్డరులో వేడిగా పోతుంది. బ్యాటరీ బండి దానిలో కొంత తిరిగి పట్టుకుంటుంది. మనం చెప్పుకున్న 100 మీటర్ల దిగుడుకు అది పన్నెండు యూనిట్ల దాకా ఉండవచ్చు. డంపర్లలో రాయి నింపే షావెల్ దగ్గర వరుసలో నిలబడినప్పుడు ఇంజను ఊరికే తిరిగే బాధ కూడా ఉండదు. ఈ రెండూ కలిస్తే ఇవాళ్టి గ్రిడ్ మీద కూడా ఇరవై శాతం వరకు తగ్గుతుంది. డీజిల్‌ను శుద్ధి చేసి గని దాకా తెచ్చే ఉద్గారాలను కూడా కలిపితే తేడా ఇంకొంచెం పెరుగుతుంది. గ్రిడ్ శుభ్రపడిన కొద్దీ ఈ తేడా ఏటేటా పెరుగుతూ పోతుంది కూడా. మారడం తప్పని నేను అనను. మొదటి రోజే సున్నా అయిపోయినట్లు రాయడం తప్పంటాను.

ఇక ముందు చేయవలసిన పని. అది రోడ్డు. మన నిబంధనల్లో, డంపర్లు తిరిగే హాల్ రోడ్డు వాలు సాధారణంగా 16కు 1కి మించకూడదు. అంటే 100 మీటర్లు ఎక్కడానికి బండి 1.6 కిలోమీటర్లు నడవాలి. గట్టిగా, చదునుచేసే గ్రేడరు యంత్రం తిరిగి, నీరు నిలవకుండా ఉన్న రోడ్డు మీద రాపిడి బరువులో 2 శాతం ఉంటుంది. గుంతలు పడి టైరు కూరుకుపోయే రోడ్డు మీద అది 5 శాతం దాకా పోతుంది. ఆ 1.6 కిలోమీటర్ల మీద 2 శాతమంటే ఇంకో 32 మీటర్లు ఎక్కినట్లు, 5 శాతమంటే ఇంకో 80 మీటర్లు ఎక్కినట్లు. మొదటి రోడ్డు మీద ట్రిప్పుకు పద్దెనిమిది, పంతొమ్మిది లీటర్లు పడితే రెండోదాని మీద పాతిక లీటర్లు పడతాయి. మంచి రోడ్డు ఒక్కటే నాలుగో వంతు డీజిల్ ఆపుతుంది. కోట్లు పెట్టి కొనే బ్యాటరీ బండి ఇవాళ ఇచ్చే తగ్గుదల కూడా ఇంచుమించు ఇంతే.

నేను చూసిన దృశ్యం ఒకటి చెబుతాను. ఆగస్టులో, రెండో షిఫ్టులో, గుంత నుంచి పైకెక్కే ర్యాంపు మలుపు దగ్గర నిలబడితే నిండు డంపరు వచ్చేటప్పుడు దాని ముందు టైరు కింద రోడ్డు మెత్తని పరుపులా కుంగి, వెనక మళ్లీ లేచేది. ఆపరేటరు గేరు తగ్గించగానే ఇంజను మోత మారేది, పొగ గొట్టం నుంచి నల్లటి పొగ ఒక్కసారిగా లేచేది. ఆ మలుపు దాటాక మోత మళ్లీ మామూలయ్యేది. ఆ ఇరవై గజాల రోడ్డు రోజుకు ఎన్ని వందల లీటర్లు తాగుతుందో ఆ మోత వింటే తెలిసేది. అక్కడ రాళ్ల చూర వేసి, పక్కన కాలువ తీయించడానికి మూడు వారాలు పట్టింది, ఎందుకంటే గ్రేడరును బొగ్గు తవ్వే ఫేస్ దగ్గరికే పంపేవారు. ఉత్పత్తి టన్నుల్లో కొలుస్తారు గానీ రోడ్డును ఎవరూ కొలవరు. నీ నివేదికలో రోడ్డును కొలవమని రాయి.

ట్రాలీ పద్ధతి గురించి కూడా ఆలోచించండి. పెద్ద డంపర్లలో చాలావాటికి డీజిల్ ఇంజను నేరుగా చక్రాలను తిప్పదు. అది ఆల్టర్నేటరును తిప్పుతుంది, ఆ కరెంటుతో చక్రాల్లోని మోటార్లు తిరుగుతాయి. కాబట్టి ర్యాంపు మీద రైలుకు ఉన్నట్లు తీగలు వేసి బండికి ఆ తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ పెడితే ఎక్కుడులో ఇంజను పని తప్పుతుంది, బండి పైగా వేగంగా ఎక్కుతుంది. స్వీడన్‌లోని ఐటిక్ రాగి గనిలో 2018లో 700 మీటర్ల తీగతో దీన్ని మొదలుపెట్టారు. జాంబియాలోని రాగి గనుల్లోనూ ఉంది. అక్కడి కరెంటు ఎక్కువగా జలవిద్యుత్తు కాబట్టి లాభం పూర్తిగా దక్కుతుంది, 2024లో వచ్చినటువంటి కరువు పడితే మాత్రం కరెంటుకే కటకట అవుతుంది. ఈ పద్ధతికి బ్యాటరీ బరువు మోసే అవసరం ఉండదు. అయితే ర్యాంపు పదేళ్లయినా ఒకేచోట ఉండాలి, బ్లాస్టింగ్‌కు దూరంగా ఉండాలి. ప్రతి ఏడాదీ ర్యాంపు జరిగే గనికి ఇది పనికిరాదు.

అన్నిటికంటే పెద్ద ఆదా ప్లానింగు గదిలో ఉంటుంది. తీసిన ఓబీని, అంటే మీద తీసేసిన రాతినీ మట్టినీ, పైకి ఎక్కించి గుట్టలు పోసే బదులు తవ్వకం అయిపోయిన గుంతలోనే పోయగలిగితే ఆ ఎక్కుడే ఉండదు. గోదావరిఖని చుట్టూ కనిపించే ఆ ఓబీ గుట్టలు చూసినప్పుడల్లా, ప్రతి బండెడు రాయినీ అంత ఎత్తుకు ఎక్కించిన డీజిల్ నాకు గుర్తొస్తుంది. ఖనిజం పడకల తీరు వల్ల అన్ని గనుల్లో లోపల పోయడం కుదరదు. కుదిరేచోట దానికి సాటి వచ్చే బ్యాటరీ లేదు.

కాంట్రాక్టరు డీజిల్ గురించి: రాయి మీది, గుంత మీది, ఆ రాయి కదలకపోతే మీ ఖనిజం బయటికి రాదు. దాన్ని లెక్కలో కలపకుండా శాతాల్లో తగ్గుదల చూపిస్తే, పనిని కాంట్రాక్టుకు ఇచ్చిన ప్రతిసారీ ఉద్గారాలు తగ్గినట్లు కనబడుతుంది. పేరు ఏ పద్దు కింద పెట్టినా సరే, అంకె మాత్రం పట్టికలో ఉండాలి.

జవాబు: ఖనిజశుద్ధి, హబ్సిగూడ

పెద్దాయన గారు చెప్పిన లెక్క సరైనది. కానీ ఆయన అనుభవం బొగ్గు గనులది, మీ గని లోహ ఖనిజానిది. బొగ్గును తవ్వి, కొంచెం చితక్కొట్టి పంపేస్తే సరిపోతుంది. రాగి, సీసం, బంగారం వంటివాటికి అసలు కథ గుంత దాటాక మొదలవుతుంది. నా పని ఖనిజాన్ని పొడి చేసే గ్రైండింగ్ సర్క్యూట్ల దగ్గర కాబట్టి ఆ వైపు చూడమని గట్టిగా కోరుతున్నాను.

రాగి ఖనిజంలో లోహం 0.6 శాతం ఉందనుకోండి. శుద్ధిలో పోయేది కూడా కలుపుకుంటే టన్ను రాగికి 180 టన్నులకు పైగా రాయిని గోధుమపిండిలా చేయాలి. టన్ను రాయికి పదిహేను యూనిట్లు వేసుకున్నా, ఒక టన్ను రాగి కోసం పొడి చేయడానికే 2,700 యూనిట్లు దాటుతుంది. ఖనిజం నాణ్యత సగానికి పడిపోతే ఈ అంకె రెట్టింపవుతుంది. ప్రపంచమంతటా సులువుగా దొరికే మంచి ఖనిజం తరిగిపోతోంది కాబట్టి ఏమీ చేయకుండా కూర్చున్నా టన్ను లోహానికి అయ్యే ఉద్గారాలు పెరుగుతూనే ఉంటాయి. ప్రపంచ విద్యుత్తులో సుమారు 3 శాతం రాళ్లను నలగగొట్టడానికే పోతుందన్నది మా రంగంలో తరచు వినిపించే అంచనా.

బాల్ మిల్లు పక్కన నిలబడి చూస్తే ఆ వృథా ఎక్కడ పోతోందో తెలుస్తుంది. లోపల ఉక్కు గుండ్లు ఒకదాన్నొకటి కొట్టుకునే చప్పుడుకు పక్క మనిషి మాట వినబడదు. చల్లటి నీళ్లతో లోపలికి వెళ్లిన ఖనిజం బయటికి వచ్చేటప్పుడు గోరువెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనమూ ఆ చప్పుడూ మనం డబ్బు కట్టిన కరెంటే. రాతిని నిజంగా చీల్చడానికి పోయేది అందులో చాలా చిన్న భాగం. గుండ్లకు బదులు రెండు రోలర్ల మధ్య అధిక ఒత్తిడితో నలిపే యంత్రాలు తక్కువ కరెంటుతో అదే పని చేస్తాయి. మన తాండూరు, నల్లగొండ వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో పనిచేసినవారికి రోలర్ ప్రెస్ కొత్త విషయం కాదు.

ఇంతకంటే ముఖ్యమైనది, అవసరానికి మించి మెత్తగా నూరకపోవడం. 1952లో ఫ్రెడ్ బాండ్ ఇచ్చిన సూత్రం ప్రకారం 75 మైక్రాన్లకు నూరే చోట 150 మైక్రాన్లతో ఆపగలిగితే కరెంటు మూడో వంతు దాకా తగ్గుతుంది. ముతక రేణువుల నుంచే లోహాన్ని తేల్చగలిగే ఫ్లోటేషన్ యంత్రాలు వచ్చాయి కాబట్టి ఇది ఇప్పుడు అసాధ్యమేమీ కాదు. బ్లాస్టింగ్ దగ్గరే రాయి సరిగ్గా పగిలేలా చూసుకుంటే మిల్లుకు వచ్చే పని ఇంకా తగ్గుతుంది. అక్కడ కొంచెం ఎక్కువ పేలుడు మందు వాడినా మొత్తం మీద శక్తి ఆదా అవుతుంది. గనివాళ్లూ మిల్లువాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటేనే ఇది జరుగుతుంది. చాలా చోట్ల ఇద్దరి లెక్కలు వేర్వేరు, ఇద్దరి బోనస్‌లూ వేర్వేరు.

నీటిని కూడా మరిచిపోవద్దు. చిలీలోని ఎస్కొండిడా రాగి గని సముద్ర మట్టానికి మూడు వేల మీటర్ల పైన ఉంది. భూగర్భ జలం తోడడం మానేసి, సముద్రపు నీటిని ఉప్పు తీసి అంత ఎత్తుకు ఎక్కించుకుంటోంది. ఘనపు మీటరు నీటిని అంత పైకి ఎత్తడానికే ఎనిమిది యూనిట్లకు పైగా కావాలి, పంపుల నష్టం వేరే. ఆ గని పునరుత్పాదక విద్యుత్తు ఒప్పందాలకు మారింది కాబట్టి ఆ భారం కొంత తీరింది. నీటి కష్టాన్ని కరెంటుతో తీర్చుకునే ప్రతి గనికీ ఈ లెక్క ఎదురవుతుంది.

ఒకే లోహం రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటుందని కూడా మీ నివేదికలో రాయండి. నికెల్‌నే తీసుకోండి. ప్రపంచంలో తవ్వే నికెల్‌లో సగానికి పైగా ఇండొనేసియాదే. అక్కడి లేటరైట్ ఖనిజాన్ని కరిగించడానికి బొగ్గు కరెంటు కేంద్రాలను ఫ్యాక్టరీల పక్కనే కట్టుకున్నారు. అందువల్ల సల్ఫైడ్ ఖనిజం నుంచి తీసిన నికెల్‌తో పోలిస్తే దాని కార్బన్ భారం ఎన్నో రెట్లు. విద్యుత్ కారు కొనే మనిషికి బ్యాటరీలో ఏ నికెల్ ఉందో తెలియదు. తెలియాలని నా గట్టి అభిప్రాయం.

జవాబు: కరెంటు లెక్కలు, మోతీనగర్

పై ఇద్దరి మాటల్లోనూ ఆఖరికి తేలేది కరెంటు ఎక్కడిదన్నదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మన ఎండలో ఒక మెగావాట్ సోలార్ ఏడాదికి 15, 16 లక్షల యూనిట్లు ఇస్తుంది. సింగరేణి సొంతంగా 200 మెగావాట్లకు పైగా సోలార్ పెట్టుకున్నది, అందులో జైపూర్ థర్మల్ కేంద్రపు జలాశయం మీద తేలే ప్లాంటు కూడా ఉంది. కానీ గని మూడు షిఫ్టులూ నడుస్తుంది, సూర్యుడు ఒక్క షిఫ్టుకే వస్తాడు. ఏడాది మొత్తం మీద వాడిన యూనిట్లకు సమానంగా సోలార్ యూనిట్లు తయారుచేశాం కాబట్టి సున్నా అయిపోయామని రాసే పద్ధతి నాకు నచ్చదు. రాత్రి రెండు గంటలకు ఛార్జింగ్ పెట్టిన డంపరు బొగ్గు కరెంటే తాగుతుంది.

దీనికి బ్యాటరీ కొనడం కంటే ముందు చేయగలిగినది, కదల్చగల పనులను పగటికి కదల్చడం. గుంతలోని నీటిని తోడే పంపులు, క్రషర్లు, వాటి ముందు నిల్వ ఉండే ఖనిజపు కుప్పలు పగటి ఎండకు సర్దుకోగలవు. డంపర్ల ఛార్జింగును కూడా మధ్యాహ్నపు షిఫ్టు మార్పిడి దగ్గరకు తేవచ్చు. మే నెలలో 45 డిగ్రీలు దాటే మన గనుల్లో బ్యాటరీని చల్లబరచడానికి పోయే కరెంటును అమ్మకందారు పత్రంలో వెతకండి, చాలాసార్లు అది చల్లని దేశాల అంకెగా ఉంటుంది. రాత్రి కోసం, మూసేసిన గుంతలనే పంప్డ్ స్టోరేజీగా, అంటే పగటి కరెంటుతో నీటిని పైకి తోడి రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే ఏర్పాటుగా, వాడవచ్చు. ఆస్ట్రేలియాలోని కిడ్‌స్టన్‌లో పాత బంగారు గని గుంతల మధ్య నీటిని పైకీ కిందికీ ఆడించే 250 మెగావాట్ల ప్రాజెక్టును ఈ ఆలోచన మీదే తలపెట్టారు. లోతైన గుంతలు, పక్కనే ఎత్తైన గుట్టలు, గ్రిడ్ లైన్లు అన్నీ ఉన్న సింగరేణి ప్రాంతం దీనికి అనువైనదని నా నమ్మకం.

జవాబు: మూడో షిఫ్టు, ఉప్పల్ (శ్రీరాంపూర్ నుంచి)

అక్కా, మీ నాన్నగారి ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. నేను భూగర్భ గనిలో పనిచేసి, ఇప్పుడు హైదరాబాదులో చదువుకుంటున్నాను.

ఆయన మాట నిజం. లెక్క కూడా ఆయన వైపే ఉంది. మన ఓపెన్ కాస్టుల్లో టన్ను బొగ్గుకు సుమారు ఆరు ఘనపు మీటర్ల ఓబీ తీయాలి, అంటే పద్నాలుగు టన్నుల రాయి. ఇంజనీరు గారి అంకెలతోనే చూసినా, ఎక్కుడుకు మూడు నాలుగు లీటర్ల డీజిల్ అవుతుంది. షావెళ్లు, డ్రిల్లులు, పంపులు, దూరపు రవాణా అన్నీ కలిపి దాన్ని మూడు రెట్లు చేసినా ముప్పై కిలోల కార్బన్ డయాక్సైడ్ దగ్గర ఆగుతుంది. అదే టన్ను బొగ్గు పొయ్యిలో కాలితే టన్నున్నర వస్తుంది. తవ్వకాన్ని ఎంత శుభ్రం చేసినా ఆ వందలో రెండు పాళ్లే మన చేతిలో ఉంటాయి. రాగి, నికెల్, లిథియం వంటివాటికి ఈ మాట వర్తించదు, ఎందుకంటే వాటిని ఎవరూ కాల్చరు. తవ్వి, శుద్ధి చేయడంలోనే వాటి భారం అంతా ఉంటుంది. మీ నివేదిక బొగ్గుది కాదు కాబట్టి మీ శ్రమ వృథా కాదని ఆయనకు చెప్పండి.

బొగ్గులో కూడా మీథేన్ సంగతి వేరు. ఇరవై ఏళ్ల కాలం మీద చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎనభై రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. జార్ఖండ్‌లోని ఝరియా వంటి గ్యాసు ఎక్కువ ఉన్న చోట్ల తవ్వకానికి ముందే దాన్ని బోర్లు వేసి లాగి వాడుకోవడం నిజమైన తగ్గింపు. గని మూసేసినా అది కారుతూనే ఉంటుంది కాబట్టి మూత వేసిన బావులను కూడా కొలవాలి.

ఇంకో సంగతి. కరెంటు యంత్రాలంటే ఏదో కొత్తగా వచ్చినట్లు ఇక్కడ మాట్లాడుతున్నారు. భూగర్భంలో మేము వాడిన ఎస్‌డీఎల్, అంటే బొగ్గును ఎత్తి పోసే లోడరు, కేబుల్ లాక్కుంటూ కరెంటు మీదే నడిచేది. నిప్పురవ్వ పడకూడదు కాబట్టి అక్కడ ఆ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. కేబుల్ చక్రం కింద పడకుండా పక్కన ఒకరు చేత్తో పట్టుకుని నడిచేవారు, నేనూ పట్టుకున్నాను. కరెంటు యంత్రాల మీద చెయ్యి తిరిగిన ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు మన బెల్టులో వేల మంది ఉన్నారు. బొగ్గు తగ్గే రోజు వచ్చినప్పుడు రాగి గనికో, సోలార్ ప్లాంటుకో, పంప్డ్ స్టోరేజీకో కావలసిన మనుషులు వీళ్లే. సింగరేణిలో సుమారు నలభై వేల మంది పర్మినెంటు ఉద్యోగులు ఉన్నారు, కాంట్రాక్టు కార్మికులు వేరే. మీరు రాసే ప్రణాళికల్లో యంత్రాలకు పదేళ్ల పట్టిక ఉంటుంది. మనుషులకు కూడా అలాంటి పట్టిక ఒకటి పెట్టమని అడుగుతున్నాను.

ప్రశ్న వేసినవారు: ఖని బిడ్డ, గచ్చిబౌలి

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. నిన్న ఆదివారం కూర్చుని అంకెలన్నీ మళ్లీ వేశాను. బ్యాటరీ డంపరు ఎదుట సున్నా తీసేసి, ఇవాళ్టి గ్రిడ్ మీద ఒక అంకె, పగటి సోలార్ కలిస్తే ఒక అంకె రాశాను. కాంట్రాక్టరు డీజిల్ కలిపేసరికి గని మొత్తం డీజిల్ ఉద్గారాలు ముందు చూపించిన దానికంటే రెట్టింపు దాటాయి. మా పై అధికారి మొదట ఒప్పుకోలేదు, ఇంజనీరు గారి వాక్యాన్ని నా మాటల్లో చెప్పాక ఆ వరుస పట్టికలో ఉండనిచ్చారు. గ్రైండింగ్ కరెంటు వివరాల కోసం ప్లాంటు వాళ్లకు వేరుగా రాశాను. హబ్సిగూడ వారు చెప్పినట్లే, అక్కడి వాటా డంపర్లకు తక్కువేమీ కాదని తొలి చూపులో అనిపిస్తోంది.

జవాబులన్నీ నాన్నకు చదివి వినిపించాను. బొగ్గు లెక్క విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రోడ్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేచి కూర్చున్నారు. తాము నడిపిన గనిలో ఏ మలుపు దగ్గర బండి బరువెక్కేదో, ఏ ఆపరేటరు ఏ గేరులో లాగేవాడో అన్నీ గుర్తున్నాయి ఆయనకు. ఒక తెల్ల కాగితం మీద ఆ ర్యాంపు బొమ్మ గీసి ఐదు చోట్ల గుర్తులు పెట్టారు. మా గనిలో కూడా సర్వే చేసే ముందు ఆపరేటర్లను ఇలా అడగమన్నారు. వచ్చే వారం సైటుకు వెళుతున్నాను. రోడ్డు రాపిడిని కొలవడానికి మా దగ్గర పరికరమేమీ లేదు, ఎలా మొదలుపెట్టాలో ఇంజనీరు గారు చెప్పగలరా?

జవాబు: విశ్రాంత మైనింగ్ ఇంజనీరు, నాగోల్

పరికరం అక్కరలేదమ్మా. మీ నాన్నగారు చెప్పింది మొదటి పని. రెండోది, టైరు గాడి లోతు టేపుతో కొలవండి. నిండు బండి దాటిన వెంటనే కొలవాలి, పది నిమిషాల తర్వాత కాదు. అరచేయి వెడల్పు దిగిందంటే ఆ చోటు చెడ్డదే. మూడోది, డంపర్ల రాకపోకలు చూసే డిస్పాచ్ గదిలో ప్రతి ట్రిప్పు సమయం ఉంటుంది. ఒకే ర్యాంపు మీద ఒకే బరువుతో ఎండాకాలంలో ఎన్ని నిమిషాలు పట్టిందో, వానల్లో ఎన్ని పట్టిందో పక్కపక్కన పెట్టండి. సగటు తీయవద్దు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉన్న అంకెలను వేరే కాగితం మీద ఉంచండి, నువ్వు వెతికే డీజిల్ ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. మీ నాన్నగారు గీసిన ఆ బొమ్మ ఫోటో తీసి ఇక్కడ పెట్టగలిగితే నేనూ చూస్తాను.